కింద సున్నా వస్తే? ఇంట్లో అడగాల్సిన మూడు ప్రశ్నలు



ఇంటర్ ఫస్టియర్ గణితం 1-ఎలో మొదటి పాఠం ఫంక్షన్స్. తెలుగు మీడియంలో చదివినవారికి ఇవే ప్రమేయాలు, డొమైన్ అంటే ప్రదేశం. ఒక ఫంక్షన్‌ని మరో ఫంక్షన్‌తో భాగించి డొమైన్ చెప్పమంటే బాగా చదివే పిల్లలు కూడా తప్పు చేస్తుంటారు. లెక్క రాక కాదు, తొందరపడి.

ఏ సంఖ్యలు వేస్తే ఫంక్షన్ జవాబు ఇస్తుందో ఆ సంఖ్యలన్నీ కలిపి దాని డొమైన్.

మన పటాన్‌చెరు వైపు తెలిసిన లెక్కే చూద్దాం. 8 గంటల షిఫ్టులో ఇప్పటిదాకా తయారైన పీసులను గడిచిన గంటలతో భాగిస్తే గంటకు సగటు వస్తుంది. 2 గంటల్లో 90 పీసులైతే సగటు 45. మరి షిఫ్టు మొదలైన క్షణంలో? సగటు సున్నా అంటారు చాలామంది. కాదు, అప్పుడు సగటు అనేదే లేదు. 8 గంటలు దాటితే షిఫ్టే ఉండదు. అందుకే ఇక్కడ డొమైన్ 0 కంటే ఎక్కువ, 8 వరకు.

సున్నాతో ఎందుకు భాగించకూడదు? 12 ÷ 3 = 4, ఎందుకంటే 4 × 3 = 12. కానీ ఏ సంఖ్యను 0తో గుణించినా 12 రాదు. 0 ÷ 0 అయితే ఏ సంఖ్యైనా సరిపోతుంది, కాబట్టి ఒక్క జవాబు తేలదు. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో, సున్నాతో భాగించినా సంఖ్య మారదని రాశాడు. పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చింది ఈ గ్రంథాన్నే. ఆ మాటను నేటి గణితం ఒప్పుకోదు. అంతటివారే పొరబడిన చోట మన పిల్లలు పొరబడితే కోప్పడకండి, ఈ మూడు ప్రశ్నలు అడగండి.

1. పైనున్న ఫంక్షన్‌కు ఏ విలువలు పనికొస్తాయి?
2. కిందున్న ఫంక్షన్‌కు ఏవి పనికొస్తాయి?
3. రెండింటికీ పనికొచ్చేవాటిలో దేనికి కింద సున్నా వస్తుంది? దాన్ని తీసేయాలి.

ఉదాహరణ: పైన √(ఎక్స్ − 1), కింద ఎక్స్ − 4. వర్గమూలం లోపల రుణ సంఖ్య రాకూడదు, కాబట్టి ఎక్స్ విలువ 1 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉండాలి. కిందిదానికి ఏ విలువైనా సరే. కానీ 4 వేస్తే కింద సున్నా. జవాబు: 1, ఆపై సంఖ్యలన్నీ, 4 తప్ప.

ఎక్కువమంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడ: పైన ఎక్స్² − 9, కింద ఎక్స్ − 3. పిల్లలు వెంటనే కొట్టేసి, ఎక్స్ + 3 మిగిలిందని, డొమైన్ అన్ని వాస్తవ సంఖ్యలూ అని రాస్తారు. కానీ అసలు లెక్కలో 3 వేస్తే 0 ÷ 0. కొట్టివేతతో ఆ సున్నా కంటికి కనబడదు, అంతే. 3ని తీసేయాల్సిందే. ముందు డొమైన్, తర్వాతే కొట్టివేత.

ఈ ఆదివారం ఈ లెక్క ఇవ్వండి: పైన √(ఎక్స్ − 2), కింద ఎక్స్² − 25. జవాబు: 2, ఆపై సంఖ్యలన్నీ, 5 తప్ప. "మరి −5ని ఎందుకు తీసేయలేదు?" అని అడగండి. మొదటి ప్రశ్నలోనే అది పోయిందని చెబితే పాఠం అర్థమైనట్టే. మీకు లెక్కలు గుర్తులేకపోయినా ఫర్వాలేదు, అడిగితే చాలు.