ఆటయంత్రములు: చేతి కదలికయు, కంటి చూపును

2006వ సంవత్సరమున నింటెండోవారి వీ యను ఆటయంత్రము వెలువడినది. చేతికోల నూపినంతనే తెరమీది బొమ్మ టెన్నిసు బంతిని గొట్టెడిది. కోలలోని మాపకము ఊపును గుర్తించెడిదే గాని, చేయి యెచ్చట నున్నదో చక్కగా నెఱుగదు. కావున సోమరి బాలుడు కుర్చీ విడువకయే మణికట్టు విదిలించి గెలువగలిగెను!

2010లో వచ్చిన కినెక్టు చేతికోలనే తొలగించి, దేహమంతటిని కెమెరాతో గనిపెట్టెను. అయినను ఆటగాని చూపు చదునైన తెరమీదనే నిలిచినందున, బంతి యెంత దూరమున నున్నదో కన్ను తెలుపజాలకపోయెను.

వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్టు ఈ కొఱతను దీర్చినది. అది రెండు కన్నులకు రెండు వేఱు చిత్రములను జూపుటచే లోతు గోచరించును; తల త్రిప్పినచో దృశ్యమును దిరుగును. సోనీవారు 2010 నాటి తమ మూవ్ కోలలనే 2016లో ప్లేస్టేషన్ వీఆర్ హెడ్‌సెట్టుతో జతపఱచిరి. కోల మాఱలేదు, చూపు మాఱినది. అంతమాత్రముననే చేయి తన పని నెఱిగెను. నా మతమున దీనికి మించిన నిదర్శనము లేదు.

అయితే, నడచుచున్నానని కన్నును, నిలిచియున్నానని లోపలి చెవియు జెప్పినచో కొందఱికి వికారము పుట్టును. మఱియు వీ యెదుట తాతయు మనుమడును ఒకరినొకరు జూచి నవ్వుకొనుచు నాడిరి. హెడ్‌సెట్టు ధరించి ఆటలో మునిగినవాడు ప్రక్కవారిని గానడు. చేతి నేర్పునకు నేను హెడ్‌సెట్టునే కోరుదును. పండుగనాటి యింటికి మాత్రము ఆ పాత కోలయే చాలును.