ఇసార్ పావతిలో గడువు ఎక్కడ మొదలవుతుంది?

"మూడు నెలల్లో ఖరేదీఖత్ చేసుకోవాలి" అని ఇసార్ పావతిలో, అంటే బయానా కాగితంలో, రాసి ఉంది. ఖరేదీఖత్ అంటే అమ్మకపు పత్రం. ఎప్పటి నుంచి మూడు నెలలు? సంతకం పెట్టిన రోజు నుంచా? అమ్మేవాళ్లు ఉతారా (ఆస్తి రికార్డు నకలు) తెచ్చి చేతిలో పెట్టిన రోజు నుంచా? కింది షెడ్డులో సాంచాలు (మరమగ్గాలు) నడుపుకుంటున్న కిరాయిదారు ఖాళీ చేసిన రోజు నుంచా? ఈ ఒక్క ప్రశ్న అడగకుండానే ఫోన్లో రిమైండర్ పెట్టుకున్న ఫైళ్లు చాలా చూశాను. రిమైండర్ చెప్పిన రోజుకే మోగింది. తేదీయే తప్పు.

ఇళ్ల పత్రాల పనిలో సోలాపూర్ తూర్పు పేటల్లో తిరిగినవాడిని. సాఖర్ పేట, దాజీ పేట, భద్రావతి పేట, అశోక్ చౌక్, నీలం నగర్ వైపు ఇల్లు అమ్మడమంటే ఒక్కోసారి ఇంటితో పాటు సాంచాలు, కిరాయిదారు, నలుగురు అన్నదమ్ముల వాటాలు అన్నీ కలిసి కదలాలి. తెలంగాణ జిల్లాల నుంచి వచ్చి చద్దర్లు, టవళ్లు నేస్తూ స్థిరపడిన పద్మశాలి కుటుంబాల ఆస్తులివి. వకీలు దగ్గరో, ఏజెంటు దగ్గరో, బిల్డర్ ఆఫీసులోనో ఈ కాగితాలు చూసే ఉద్యోగంలో చేరిన మన పిల్లల కోసం రాస్తున్నాను. మీ చేతిలో ఉన్న తేదీ వెనక ఒక కుటుంబం భిశీ (చీటీ) ఎత్తిన డబ్బు, కుదువ పెట్టిన బంగారం, మిల్లు నుంచి వచ్చిన పీఎఫ్ ఉంటాయి. ఆ తేదీని గుర్తు మీద నడపకండి.

సాంచా దగ్గర పెరిగినవాళ్లకు ఒక సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. పేక పోగు తెగితే పక్కనున్న చిన్న ఫోర్కు కదిలి సాంచా దానంతట అదే ఆగిపోతుంది. కార్మికుడు అప్పుడు చూస్తున్నాడా, పక్క సాంచా దగ్గర ఉన్నాడా అన్నదానితో దానికి పని లేదు. ఫైలులో గడువు కూడా అలా పనిచేయాలి. ఫోన్ మోగితే నొక్కేసి మళ్లీ చూద్దాం అనుకునేది ఆ ఫోర్కు లాంటిది కాదు. గడువు దగ్గరపడితే ఎవరో ఒకరు జవాబు రాసేదాకా ఆ ఫైలు ఎర్రగా కనిపిస్తూనే ఉండాలి.

దీనికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. గూగుల్ షీట్ చాలు. ఒక్కో గడువుకు ఒక్కో వరుస పెట్టండి. ఒక్కో ఫైలుకు ఒక్కో వరుస పెట్టుకున్నచోటే చాలామంది చిక్కుకుంటారు. ఒక్క ఇంటి అమ్మకంలో ఆరేడు గడువులు ఉంటాయి, అన్నీ ఒకే గడిలో కుక్కితే మొదటిది మాత్రమే కనిపిస్తుంది. వరుసలో ముందు ఫైలు నంబరు, తర్వాత ఆ గడువు ఏ కాగితంలో ఏ పేజీలో ఉందో రాయండి. ఆ తర్వాతి గడే అన్నిటికంటే ముఖ్యం: లెక్క దేనితో మొదలవుతుంది? "ఇసార్ మీద సంతకం", "పేపర్లో జాహీర్ నోటీసు (బహిరంగ ప్రకటన) పడటం", "బ్యాంకు శాంక్షన్ లెటర్ రావడం", "కిరాయిదారు ఖాళీ చేయడం". దాని పక్కన అది నిజంగా జరిగిన తేదీ, ఆ పక్కన ఎన్ని నెలలో ఎన్ని రోజులో. చివరి తేదీని షీటే లెక్కవేయాలి, మీరు వేయకూడదు. మొదలయ్యే సంఘటన ఇంకా జరగకపోతే చివరి తేదీ గడి ఖాళీగానే ఉంటుంది. ఆ ఖాళీ కూడా హెచ్చరికే. "జాహీర్ నోటీసు ఇంకా ఇవ్వలేదు" అని అది మీకు చెబుతోంది.

నెలలను రోజులుగా మార్చకండి. కాగితం మీద నాలుగు నెలలంటే క్యాలెండరు నెలలే. 2025 జూన్ 15న సంతకమైతే నాలుగు నెలలు అక్టోబరు 15కి నిండుతాయి. ముప్పై రోజుల లెక్కన 120 వేస్తే అక్టోబరు 13 వస్తుంది. షీట్లో ఈడేట్ అనే ఫార్ములాకు మొదటి తేదీ, నెలల సంఖ్య ఇస్తే క్యాలెండరు నెలల ప్రకారమే తేదీ వస్తుంది. ఇంకో గడిలో చివరి తేదీలోంచి టుడే ఫార్ములాను తీసేయండి, ఎన్ని రోజులు మిగిలాయో రోజూ దానంతట అదే మారుతుంది. ముప్పై రోజుల్లోపు పసుపు, ఏడు రోజుల్లోపు ఎరుపు వచ్చేలా రంగులు పెట్టుకోవచ్చు.

ఒక పొరపాటు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అది కంటికి కనిపించదు. షీట్ సెట్టింగుల్లో దేశం అమెరికా అని ఉంటే, మీరు 05/06/2025 అని కొట్టినప్పుడు అది జూన్ 5 అనుకోదు, మే 6 అనుకుంటుంది. మీరు రాసినది మీకు సరిగ్గానే కనిపిస్తుంది, ఫార్ములా మాత్రం నెల ముందు నుంచి లెక్కపెడుతుంది. 25/06/2025 అని కొడితే పాతిక నెలలు లేవు కాబట్టి దాన్ని తేదీగానే తీసుకోదు, ఉత్త అక్షరాలుగా ఉంచేస్తుంది, గడువు గడిలో తప్పు చూపిస్తుంది. ఆ రెండోది మేలు, కనీసం తెలుస్తుంది. మొదటి రోజే సెట్టింగుల్లో ఇండియా పెట్టండి. తేదీ గడిలో నెల పేరు అక్షరాల్లో కనిపించే రూపం ఎంచుకోండి. ఇంకోటి, చేతిరాత ఇసార్ పావతిలో మరాఠీ ఒకటి, తొమ్మిది దగ్గరదగ్గరగా ఉంటాయి. అనుమానం వస్తే రాసినవాళ్లనే అడగాలి తప్ప ఊహించకూడదు.

ఇక ఏ గడువులు పెట్టాలి? కాగితంలో రాసుకున్నవి కొన్ని, కాగితంలో లేకపోయినా చట్టం పెట్టినవి కొన్ని.

చట్టం పెట్టినవాటిలో రిజిస్ట్రేషన్ గడువు మొదటిది. 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సంతకమైన నాలుగు నెలల్లో పత్రాన్ని దుయ్యం నిబంధక్ (సబ్ రిజిస్ట్రార్) ముందు పెట్టాలి. దాటితే ఇంకో నాలుగు నెలల వరకు దారి ఉంది, కానీ ఆలస్యానికి కారణం చూపాలి, రిజిస్ట్రేషన్ ఫీజుకు పదింతల దాకా జరిమానా పడవచ్చు. మన కుటుంబాల్లో ఇది ఎక్కువగా హక్కసోడ్ పత్రం దగ్గర తగులుతుంది. తండ్రి ఇంటి మీద హక్కు వదులుకునే అన్నదమ్ముల్లో ఒకరు భివండీలో, ఒకరు సిరిసిల్లలో ఉంటారు. ఒకరు సంతకం పెట్టాక రెండు నెలలకు ఇంకొకరు వస్తారు. వేర్వేరు రోజుల్లో సంతకాలు పడితే ఒక్కో సంతకం నుంచి నాలుగు నెలలు లెక్క అని ఆ చట్టంలోనే ఉంది. అంటే షీట్లో ఒక్కో సంతకానికి ఒక్కో వరుస కావాలి. నా సలహా మాత్రం మొదటి సంతకం నుంచి లెక్కించిన తేదీనే గడువుగా పట్టుకోమని. ఆ వెసులుబాటు చిక్కుల్లో పడినప్పుడు ఆదుకోవడానికి, దాన్ని నమ్ముకుని పని నింపాదిగా చేయడానికి కాదు. విదేశంలో ఉన్న తమ్ముడు అక్కడ సంతకం చేసి పంపిన పత్రానికి లెక్క వేరు, అది భారతదేశానికి చేరిన రోజు నుంచి నాలుగు నెలలు. కాబట్టి ఆ కొరియర్ కవరు పారేయకండి.

రెండోది, ఇసార్ మీద కోర్టుకు వెళ్లే గడువు. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం కాగితంలో తేదీ ఉంటే ఆ తేదీ నుంచి మూడేళ్లు. తేదీ లేకపోతే, అమ్మేవాళ్లు ఒప్పుకోవడం లేదని కొనేవాళ్లకు తెలిసినప్పటి నుంచి మూడేళ్లు. ఈ మూడేళ్లు ఉన్నాయి కదా అని కూర్చున్నవాళ్లు నష్టపోయిన కేసు ఒకటి చెబుతాను. 1978 డిసెంబరులో మదురైలో ఒక ఇంటికి 60,000 రూపాయల ధర కుదిరి, 5,000 బయానా ఇచ్చారు. ఆరు నెలల గడువు. కొనేవారు ఒప్పందం రోజు నుంచి రెండున్నరేళ్ల దాకా కదలకుండా, మూడేళ్లు నిండకముందే దావా వేశారు. 1997లో సుప్రీంకోర్టు ఆ ఇల్లు వారికి రిజిస్టర్ చేయించమని చెప్పలేదు. స్థిరాస్తి ఒప్పందాల్లో గడువు రోజు దాటగానే ఒప్పందం పోయినట్టు కాదన్నది నిజమే. అయినా పట్టణాల్లో ధరలు పెరుగుతున్నప్పుడు, కాగితంలో రాసుకున్న కాలానికి విలువ లేకుండా పోదని ఆ తీర్పు సారం. అందుకే మూడేళ్ల వరుసకు హెచ్చరికను మూడేళ్లకు పెట్టకండి. కాగితంలోని తేదీకి పదిహేను రోజుల ముందు ఒకటి పెట్టండి. ఆ రోజు కొనేవారి తరఫున "డబ్బు సిద్ధంగా ఉంది, ఫలానా రోజు ఆఫీసుకు రండి" అని రాతపూర్వకంగా పోస్టులో వెళ్లాలి. కొనేవాడు మొదటి నుంచీ సిద్ధంగానే ఉన్నాడని రేపు చూపించాల్సింది ఆ రసీదే. షీట్లో ఆ రసీదు ఫోటోకు ఒక గడి ఉంచండి.

కిరాయి విషయంలో మనవాళ్లలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని. తెలుగు రాష్ట్రాల్లోని బంధువులు చెప్పిన మాట అది. మహారాష్ట్రలో 1999 కిరాయి చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఎన్ని నెలలకైనా రాతపూర్వకంగా ఉండాలి, రిజిస్టర్ కావాలి. రిజిస్టర్ చేయించే బాధ్యత ఇంటి యజమానిది. కాగితమే లేకపోతే షరతుల గురించి కిరాయిదారు చెప్పే మాటకే బలం ఉంటుంది. గడువు తీరాక ఖాళీ చేయకపోతే రెట్టింపు కిరాయికి బాధ్యుడవుతాడు. అందుకని పదకొండు నెలల కాగితానికి తొమ్మిదో నెల చివర్లోనే హెచ్చరిక రావాలి. కొనసాగించాలా, ఖాళీ చేయించాలా అని అడగడానికి అప్పుడే సమయం ఉంటుంది.

కొత్త అపార్ట్‌మెంటు ఫైలైతే 2016 రేరా చట్టం లెక్కలు వస్తాయి. సాఠేఖత్ (అమ్మకపు ఒప్పందం) రిజిస్టర్ కాకుండా బిల్డర్ పది శాతానికి మించి తీసుకోకూడదు. కట్టడంలో లోపం బయటపడితే పొజెషన్ నుంచి ఐదేళ్లలోపు చెప్పాలి. ఈ ఐదేళ్ల వరుసను ఇల్లు చేతికి రాగానే అందరూ మరిచిపోతారు. ధర 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవారు ఒక శాతం టీడీఎస్ పట్టాలి. పట్టిన నెల ముగిశాక ముప్పై రోజుల్లో అది కట్టేయాలి.

సెలవు రోజున గడువు పడితే? చట్టం పెట్టిన గడువుకు చివరి రోజున ఆఫీసు మూసి ఉంటే, తెరిచిన తర్వాతి రోజు చేసినా చెల్లుతుంది. ఇద్దరు మనుషులు కాగితంలో రాసుకున్న తేదీకి మాత్రం ఆ వెసులుబాటు ఉందని అనుకోకండి. నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ రథం కదులుతుంటే తూర్పు పేటల్లో ఏ పనీ కాదు. గడ్డా యాత్ర రోజుల్లో మనుషులు దొరకరు. ఇసార్ రాసేటప్పుడే ఆ తేదీలు చూసి రాయించాలి. భిశీ ఎప్పుడు చేతికొస్తుందో, బ్యాంకు ఎన్నాళ్లు తీసుకుంటుందో అడిగి రాయించాలి. గడువును గుర్తుపెట్టుకోవడం కంటే మనిషి నిలబెట్టుకోగల గడువు రాయించడం పెద్ద పని.

కాగితాన్ని చదివి తేదీలన్నీ తీసిచ్చే ఏఐ టూల్స్ ఇప్పుడున్నాయి. టైపు చేసిన సాఠేఖత్ అయితే బాగానే ఉపయోగపడతాయి. వాడేటప్పుడు "ప్రతి గడువుకూ అది ఉన్న వాక్యాన్ని యథాతథంగా, పేజీ నంబరుతో ఇవ్వు" అని అడగండి. ఆ వాక్యాన్ని కాగితంలో మీ కళ్లతో చూశాకే షీట్లోకి ఎక్కించండి. చేతిరాత కాగితాన్ని మాత్రం మనిషే చదవాలి. ఆధార్, పాన్ ఉన్న పేజీలను తెలియని యాప్‌లో పెట్టకండి, అవి మనల్ని నమ్మి ఇచ్చినవి.

హెచ్చరిక ఎవరికి వెళ్తుందన్నది చివరి చిక్కు. ఒక్క గుమస్తా ఫోన్లో మాత్రమే ఉంటే అతను ఉద్యోగం మారిన రోజే గడువులన్నీ పోతాయి. షీట్, క్యాలెండర్ ఆఫీసు ఖాతాలో ఉండాలి. ముప్పై, పదిహేను, ఏడు, రెండు రోజుల ముందు కనీసం ఇద్దరికి కబురు రావాలి. వాట్సాప్ గ్రూపులో వేసిన తేదీ సాయంత్రానికి శుభాకాంక్షల కింద మునిగిపోతుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

మరి ఇంటి యజమానికి? సోలాపూర్ దగ్గరి కుంభారిలో 2006లో బీడీ కార్మికులైన ఆడవాళ్ల కోసం 10,000 ఇళ్లు వచ్చాయి. 2024 జనవరి 19న రాయ్‌నగర్‌లో ఇంకో 15,000 ఇళ్లు అప్పగించారు. జీవితంలో మొదటిసారి సొంత పేరు మీద కాగితం చూసిన మనుషులు ఈ ఊళ్లో ఎందరో ఉన్నారు. వాళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో చదువుకున్నవాళ్లు చదివింది మరాఠీ. మీరు తెలుగులో మెసేజ్ రాస్తే చదవలేరు, మరాఠీ కాగితం పంపితే అమ్మకు అర్థం కాదు. అందుకే ఒక అలవాటు చేసుకున్నాను. పసుపు రంగు రాగానే నా గొంతుతో తెలుగులో రికార్డు చేసి పంపుతాను: "అమ్మా, వచ్చే నెల పదో తారీకు లోపల ఖరేదీఖత్ కావాలె. బ్యాంకు కాగితం వచ్చిందా? నాకు ఒక్క మాట చెప్పు." ఆ ఒక్క మాట వచ్చేదాకా వరుస మూసేయను.

రిజిస్ట్రేషన్ అయిన రోజున మిఠాయి పంచుతారు, ఫైలు బీరువాలోకి పోతుంది. ఆ రోజే ఇంకో నాలుగు వరుసలు వేయండి: ఇండెక్స్ టూ నకలు తెచ్చుకోవడం, ప్రాపర్టీ కార్డు మీదో సాత్‌బారా మీదో పేరు మారిందేమో చూడటం, మహానగరపాలికలో ఘర్‌పట్టీ పేరు మార్పించడం, కరెంటు మీటరు. సాంచాలున్న ఇంట్లో ఆ మీటరు పాత పేరు మీదే ఉండిపోతే బిల్లు గొడవ ఏళ్ల తర్వాత వస్తుంది. ఈ నాలుగింటి నకళ్లు ఫైల్లో చేరాకే ఆ ఇంటి చివరి వరుసకు ఆకుపచ్చ రంగు వేయండి.