గిటారు మేళమునకు కీర్తనను కూర్చుట

పదిమంది కూడి సంగీతము చేయుట రెండు విధములు. తిరువయ్యారులో త్యాగరాజస్వామి పంచరత్న కీర్తనలను వందలకొలది గాయకులు కూడి పాడుదురు; అక్కడ అందఱి నోటను ఒకే స్వరము. మన హుజూరాబాదు ప్రాంతపు గ్రామములలో చెప్పు ఒగ్గు కథ అట్లుగాదు. ఒకడు కథ నడుపును, ప్రక్కవాడు వంత పలుకును, ఒకడు డోలు వాయించును, వేఱొకడు తాళము వేయును. వీరిలో ఒకడు మానినను కథ కుంటువడును. గిటారు మేళము ఈ రెండవ జాతికి చెందినది.

ఇది పరదేశపు వాద్యమని కొందఱు తల్లిదండ్రులు సంకోచింతురు. బాలుస్వామి దీక్షితులు (1786–1858) కర్ణాటక సంగీతమునకు తెచ్చిన ఫిడేలును పరదేశపుదే. పాలకొల్లున పుట్టిన యు. శ్రీనివాస్ (1969–2014) మాండొలినుపై మన రాగములను పలికించి లోకమును మెప్పించెను. వాద్యము ఎక్కడిదైన నేమి? మనము కూర్చినది మన చెవికి మనదిగా వినబడునా యనునదే ప్రశ్న.

నేటి గిటారునకు రూపమునిచ్చినవాడు స్పెయిను దేశీయుడగు అంటోనియో డి టోర్రెస్ (1817–1892). దాని ఆఱు తీగలను లావుపాటి దానినుండి వరుసగా ఇ, ఏ, డి, జి, బి, ఇ యని శ్రుతిచేయుదురు. మొదటి లావు తీగను రెండు మెట్ల యెత్తు దింపి, డి-ని షడ్జముగా గైకొందము. అప్పుడు మెట్టు నొక్కకయే ఆ తీగలు స, ప, స, మ, ద, రి యని పలుకును. అన్నియు శంకరాభరణ స్వరములే; మొదటి మూడును తంబురా శ్రుతియే! పిల్లలకు ఇంతకంటె అనుకూలమైన అమరిక నాకు కనబడలేదు.

పురుషోత్తమ చౌధరి (1803–1890) మొదలగు మన కవుల పాటలకు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకమున రాగతాళములు అచ్చువేసియున్నవి. కూర్చువాడు ముందుగా చూడవలసినది ఆ పంక్తినే. మోహన రాగ కీర్తన నొకదాని నెత్తుకొందము. అందు స, రి, గ, ప, ద లే కలవు. మ, ని లేవు. గిటారు నేర్పు పుస్తకములలో మొదట వచ్చు స్వరగుచ్ఛములు మూడు: స-గ-ప, మ-ద-స, ప-ని-రి. మొదటిది మోహనకు చెల్లును. రెండవదానితో మధ్యమమును, మూడవదానితో నిషాదమును చొరబడి రాగమును చెఱచును. మన ఆరాధనలలో ఈ దోషము తఱచు వినబడుచున్నది. రెండవదానికి మాఱుగా ద-స-గ పట్టవచ్చును; మూడవదానిలో ని విడిచి ప-రి మాత్రము మీటవచ్చును. మధ్యమము పలుకు తీగను వట్టిగా మీటనీయరాదు. దానిని రెండవ మెట్టున నొక్కినచో పంచమమగును. జారు గమకము మెట్లపై సులభముగా వచ్చును గాని కంపితము కష్టము. తోడివంటి రాగమును ఈ తరగతికి తేవలదు.

గిటారు నాదము పుట్టినదాదిగా తగ్గుచునే యుండును; గాత్రమువలె దీర్ఘమును నిలుపజాలదు. కావున ఇరువదిమంది పిల్లలుండినచో ఎక్కువమందికి కీర్తన వరుస నీయవలెను. రెండవ పక్షము వరుస నిలిచినచోట్ల స, గ, ప లను విడివిడిగా మీటి ఖాళీని నింపును. మూడవది ఆదితాళపు మొదటి, అయిదవ, ఏడవ దెబ్బలయందు బొటనవ్రేలితో లావు తీగలను మీటును. నాలుగవది మూడు వట్టి తీగలపై శ్రుతి నడుపును.

ఈ నాలుగవ పక్షమును గూర్చి కొంత చెప్పవలెను. ఎడమచేయి యింకను స్వాధీనము కాని పిల్లవాడు వార్షికోత్సవమునాడు వాద్యము పట్టుకొని వాయించినట్లు నటించును. లేదా చూచువారిలో కూర్చుండును. రెండును అన్యాయమే. శ్రుతి మీటుటకు ఎడమచేతితో పనిలేదు. అయితే వానికి వ్రాయునది సులభముగా నుండవలెనేగాని వ్యర్థముగా నుండరాదు. అభ్యాసమున ఒకనాడు చరణము నడుమ ఆ పక్షమును ఆపించి చూడుడు. మిగిలినవారు తలలెత్తి చూచినచో కూర్పు సరిగానున్నది. ఎవరును గమనింపనిచో ఆ భాగమును మఱల వ్రాయవలెను.

నేర్పునప్పుడు వాద్యము తరువాతనే. తమ పాలి స్వరములను పాడి, తాళము వేయగలిగినవారికే గిటారు చేతికీయవలెను. ఒక పక్షము వాయించుచుండగా తక్కినవారు తాళము వేయుదురు గాక. ఊరక కూర్చున్న పిల్లలు అల్లరి చేయుదురు. మూడు నెలలకొకసారి పక్షములను మార్చవలెను. శ్రుతి మీటినవాడు మొదట బొటనవ్రేలి పక్షమునకు పోవుట మేలు. తాళము వానికి అప్పటికే వచ్చియుండును.