ప్రసవకాల నిర్లక్ష్యము - పరిహార మార్గము

ప్రశ్న: ప్రైవేటు ఆసుపత్రిలో నా భార్యకు నొప్పులు దీర్ఘముగా సాగినను ఆపరేషను ఆలస్యముగా చేసిరి. బిడ్డ మెదడునకు ప్రాణవాయువు చాలలేదట. ఏడాది దాటినది. పరిహారము కోరవచ్చునా?

జవాబు: నిశ్చయముగా కోరవచ్చును. రుసుము గైకొని చేసెడి వైద్యము వినియోగదారుల చట్టము పరిధిలోనిదని సుప్రీంకోర్టు 1995లోనే నిర్ణయించినది. చికిత్స పొందిన శిశువుతోపాటు, ఆ చికిత్సను చేయించిన తల్లిదండ్రులును వినియోగదారులేయని 1998లో తీర్పు చెప్పినది. ఫిర్యాదునకు గడువు 2 సంవత్సరములు గనుక, ప్రసవదినమునుండియే లెక్కించుకొని త్వరపడుడు.

ముందుగా కేసుషీటును, నొప్పుల పురోగతిని తెలిపెడి పార్టోగ్రాఫును, గర్భస్థశిశువు గుండెచప్పుడుల నమోదును, నవజాతశిశు చికిత్సాపత్రములను లిఖితపూర్వకముగా కోరుడు. అడిగిన 72 గంటలలో వాని నిచ్చుట వైద్యుల నియమావళి విధించిన ధర్మము.

హాని కలిగినంత మాత్రమున నిర్లక్ష్యము రుజువు కాజాలదు. ఇట్టి వైకల్యములు కొన్ని ప్రసవమునకు పూర్వమే గర్భమందు సంభవించుట కలదు గావున, సామాన్య నైపుణ్యముగల వైద్యుడు ఆ స్థితిలో చేయదగినది చేయలేదనియు, హాని అందువలననే కలిగినదనియు, ఈ రెంటిని స్వతంత్ర ప్రసూతినిపుణుని అభిప్రాయముతో నిరూపింపవలెను.

తీర్పు ఆలస్యము కావచ్చును. బిడ్డకు ఫిజియోథెరపీ మాత్రము నేడే ఆరంభింపుడు, ఆ వ్యయపు రసీదు లన్నియు భద్రపరచుడు.