ఆఱేండ్ల లోపు బిడ్డలకు సర్కారు శిశుశాలలు: రైతు లెఱుగవలసిన సంగతులు

నారుమడి చెడిన తరువాత పొలమున కెంత యెరువు వేసినను పంట నిండుగా రాదని మన రైతు లందఱు నెఱుగుదురు. అందుచేతనే విత్తనము నెంచుట యందును, మడికి నీరు పెట్టుట యందును, నారు తీయు దినమును నిర్ణయించుట యందును మిక్కిలి శ్రద్ధ వహింతురు. ఇంటిలోని పసిబిడ్డల విషయమున నింత శ్రద్ధ చూపుచున్నామా యని ప్రతి సభ్యుడును తన్ను తాను ప్రశ్నించుకొనదగును. పుట్టినది మొదలు ఆఱేండ్లు నిండువఱకు గల కాలము బిడ్డకు నారుమడి కాలము. మెదడు పెరుగుదలలో నూటికి 85 పాళ్ల కంటె నెక్కువ ఆఱేండ్లకు ముందే జరుగునని 2020 సంవత్సరపు జాతీయ విద్యావిధానము చెప్పుచున్నది.

ఈ వయస్సు బిడ్డలకై ప్రభుత్వము ప్రజాధనముతో నడుపు శిశుశాలయే అంగన్‌వాడి. అందు మన బిడ్డలకు గల భాగ మెట్టిది, దాని నెట్లు పొందవలెను, అది సరిగా జరుగనప్పు డేమి చేయవలెను అను మూడు సంగతు లీ పాఠమున వివరింపబడును.

1. ఇది యెట్లు పుట్టినది?

పసిపిల్లలకు ఆటపాటలతో చదువు నేర్పు పద్ధతిని జర్మనీ దేశమున ఫ్రోబెల్ అను పండితుడు 1837లో ఆరంభించెను. మన దేశమున గిజుభాయి బధేకా 1920లో భావనగరమున బాలమందిరమును నెలకొల్పెను. తారాబాయి మోడక్, అనుతాయి వాఘ్ అను నిరువురు స్త్రీలు 1945లో బొంబాయి రాష్ట్రపు సముద్రతీర గ్రామమైన బోర్డిలో పల్లెపిల్లలకై పని మొదలిడిరి. పేదల బిడ్డలు బడికి రాకున్నచో బడియే వారి ముంగిటికి పోవలెనని వారు తలచిరి. అంగన మనగా ముంగిలి. అంగన్‌వాడి యను పేరు ఆ తలపు నుండియే వచ్చినది. మన రాజమహేంద్రవరమున జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో నేర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలు. ఆ మండలి సాయముతో బాలవాడులు నడచినవి.

తుదకు 1975 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకమును 33 ప్రాంతములలో ఆరంభించినది. నేడది దేశమంతటను వ్యాపించి, 2021 నుండి సక్షమ్ అంగన్‌వాడి, పోషణ్ 2.0 అను పేర నడుచుచున్నది. భోజనవ్యయమును మన రాష్ట్రము, కేంద్రము సగము సగముగా భరించుచున్నవి. ఆ ధనము మనము చెల్లించు పన్నుల నుండియే వచ్చును గాన దీనిని దానముగా నెంచరాదు. సంఘములో వాటా గల సభ్యుడు తన లాభాంశము నడుగుటకు సిగ్గుపడునా?

2. అందు లభించు సేవలు

అంగన్‌వాడిలో ఆఱు సేవలు గలవు: అనుబంధ పోషకాహారము, మూడు మొదలు ఆఱేండ్ల బిడ్డలకు పూర్వ ప్రాథమిక విద్య, తల్లులకు ఆరోగ్య పోషకాహార బోధ, టీకాలు, ఆరోగ్య పరీక్ష, రోగి బిడ్డను ఆసుపత్రికి పంపుట. వీనిలో కడపటి మూడింటిని ఆరోగ్యశాఖ వారితో కలిసి నడుపుదురు. గర్భిణులును బాలింతలును కూడ దీనికి అర్హులు.

మూడేండ్లు నిండిన బిడ్డ కేంద్రమునకు వచ్చి అచ్చటనే వేడి భోజనము చేయును. అంతకు చిన్నబిడ్డకు ఆహారము నింటికే యిత్తురు; మన రాష్ట్రమున దానిని బాలామృతము అందురు. గ్రుడ్లు, పాలు కూడ మన రాష్ట్రమున నిచ్చుచున్నారు.

అన్నింటికంటె తక్కువగా గుర్తింపబడు సేవ తూకము. బిడ్డ బరువును నెలనెల తూచి వ్రాయవలెను. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ యేడాది నిండునప్పటికి సుమారు తొమ్మిది కిలోలు తూగవలెను. వరుసగా రెండు మూడు నెలలు బరువు పెరుగకున్నచో, చూపునకు బిడ్డ బాగుగ నున్నను, లోపల లోపము గలదని గ్రహింపవలెను. ఆఱు నెలలు మొదలు అయిదేండ్ల లోపు బిడ్డకు దండచుట్టు కొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అది తీవ్రమైన పోషణలోపము. ఆలస్యము లేక వైద్యునకు చూపవలెను. పాడిపశువు పాలు తగ్గిన దినముననే గుర్తించు రైతు బిడ్డ బరువు తగ్గుటను నెలలకొలది గుర్తింపకుండుట తగదు.

3. హక్కేది? ఆశయమేది?

ఈ భేదమును సభ్యులు బాగుగా తెలిసికొనవలెను. 2013 సంవత్సరపు జాతీయ ఆహార భద్రతా చట్టము 5వ సెక్షను ప్రకారము ఆఱు నెలలు మొదలు ఆఱేండ్ల లోపు ప్రతి బిడ్డకును అంగన్‌వాడి ద్వారా ఉచితముగా ఆహారము నీయవలెను. చట్టము చేసిన నాటి పట్టికలో మూడు మొదలు ఆఱేండ్ల బిడ్డకు దినమునకు 500 కెలరీల శక్తియు 12 మొదలు 15 గ్రాముల మాంసకృత్తులును నిర్ణయింపబడినవి; 2023లో నా పట్టికను సవరించి ఇనుము, సున్నము మొదలగు సూక్ష్మ పోషకములను కూడ చేర్చిరి. ఇట్లు ఆహారము బిడ్డకు హక్కు. దాని నీయకున్నచో ఆహార భద్రతా భత్యము చెల్లింపవలెనని యదే చట్టపు 8వ సెక్షను చెప్పుచున్నది.

చదువు విషయ మట్లు కాదు. రాజ్యాంగమున ఉచిత నిర్బంధ విద్య ప్రాథమిక హక్కుగా నున్నది ఆఱు మొదలు పదునాలుగేండ్ల వారికే. ఆఱేండ్ల లోపు వారి సంరక్షణను, విద్యను సమకూర్చుటకు ప్రభుత్వము ప్రయత్నింపవలెనని 45వ అధికరణము చెప్పును. అది ఆదేశసూత్రము గాని, కోర్టులో నిలిచి పొందదగిన హక్కు గాదు. ఇంగ్లండు దేశమున మూడు నాలుగేండ్ల బిడ్డలందఱికి వారమునకు 15 గంటల చొప్పున ఏడాదికి 38 వారములు ఉచిత శిశువిద్య సమకూర్చబడుచున్నది. మన దేశమున గంటల లెక్క అట్లు చట్టమున వ్రాయబడలేదు. కావున అన్నము వండుటతో కేంద్రపు పని ముగిసినదని యూరివారు తలచినచో, పాట, కథ, బొమ్మ, రంగు, లెక్క యనునవి క్రమముగా మాయమగును. అడుగువా రున్నచోట మాత్రమే యవి నిలుచును.

4. చేర్చు విధము

బిడ్డను చేర్చుటకు రుసుము లేదు. కులమతాది భేదము లేదు. తెల్లకార్డు లేకున్నను చేర్చుకొనవలెను. తల్లి గాని తండ్రి గాని బిడ్డ పుట్టిన తేదీని, టీకాల పుస్తకమును చూపి కార్యకర్తచే పేరు వ్రాయించుకొనవలెను. బిడ్డకు ఆధారు లేకున్నను తల్లి ఆధారుతో నమోదు చేయవచ్చును. ఈ నమోదు పోషణ్ ట్రాకర్ అను లెక్కలో నెక్కును. కుటుంబము మఱియొక యూరికి పనికి పోయినచో పేరు నచ్చటి కేంద్రమునకు మార్చుకొనవచ్చును. కళాసీ పనికి, ఇటుకబట్టీలకు తరలు కుటుంబములు దీనిని మఱువరాదు.

సాధారణముగా 400 మొదలు 800 జనాభాకు, గిరిజన ప్రాంతమున 300 మొదలు 800 జనాభాకు, ఒక కేంద్రముండవలెను. 2006 డిసెంబరు 13వ తేదీన సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారము, ఆఱేండ్ల లోపు బిడ్డలు 40 మందికి తక్కువగాక యుండియు కేంద్రము లేని గ్రామవాసులు గాని మురికివాడవాసులు గాని కోరినచో, కోరిన తేదీ నుండి మూడు నెలల లోపల కేంద్రము నీయవలెను. కావున పిల్లల పేర్లు, వయస్సులు వ్రాసి, తేదీ వేసి, సంతకములతో అర్జీ నిచ్చి రసీదు పుచ్చుకొనుట ముఖ్యము. నోటి మాటకు తేదీ యుండదు.

5. మన విశాఖపట్టణ ప్రాంతపు సంగతి

1933లో ఓడరేవు తెరువబడినది మొదలు, 1992లో ఉక్కు కర్మాగారము జాతి కంకితమైన దాక, ఈ పట్టణము చుట్టుప్రక్కల గ్రామములను తనలోనికి లాగుకొనుచునే యున్నది. ఆనందపురమున పూలు, పద్మనాభము, భీమునిపట్టణము ప్రాంతములందు కూరగాయలు పండించు రైతుల యిండ్లలో పురుషుడు పట్టణమునకు పనికి పోవగా, సాగుభార మంతయు స్త్రీలపై బడుచున్నది. తెల్లవాఱక మునుపే పూలు కోయవలెను; కాయలు బజారుకు చేర్చవలెను. అప్పుడు పసిబిడ్డ నెవరు చూతురు?

తఱచుగ చూచువారు ఆ యింటి పెద్దకూతురు. ఊడ్పులకాలమున, కోతలకాలమున ఎనిమిదేండ్ల బాలిక బడి మాని తమ్ముని చంకనెత్తుకొని కూర్చుండును. నెలలో పది దినములు బడి మానిన బాలిక కొంతకాలమునకు బడినే మానును. కావున అంగన్‌వాడిలో చిన్నబిడ్డకు దొరకు చోటు పెద్దబిడ్డ చదువునకు కాపుదల. ఒక చోటు పోయిన నిద్దఱు బిడ్డలు నష్టపడుదురు.

అయినను కేంద్రపు వేళలు పొలము వేళలతో కలియవు. మూడేండ్ల లోపు బిడ్డను దినమంతయు నుంచుకొను ఏర్పాటు సాధారణ కేంద్రమున లేదు. ఈ లోటు తీర్చుటకై 2022లో పాల్నా అను పేర అంగన్‌వాడితో కూడిన శిశుసంరక్షణ కేంద్రముల పథక మేర్పడినది. ఆఱు నెలలు మొదలు ఆఱేండ్ల బిడ్డల నందుంచుకొందురు. పనికి పోవు తల్లులు పలువురున్న గ్రామము దీనిని కోరుట న్యాయము.

కొందఱు సభ్యులు అప్పు చేసియైనను మూడేండ్ల బిడ్డను పట్టణపు కాన్వెంటుకు పంపుచున్నారు. అది వారి యిష్టము. కాని యీ వయస్సున వ్రాత బలవంతము కంటె ఆట, మాట, తిండి, నిద్ర యివి ముఖ్యములని శిశువిద్య నెఱిగినవా రందఱు చెప్పుదురు. బిడ్డను కాన్వెంటుకు పంపినను తూకము, టీకాలు అంగన్‌వాడిలో మానింపరాదు.

6. సంఘము చేయదగిన పని

మొదట, మన సభ్యుల యిండ్లలోని ఆఱేండ్ల లోపు బిడ్డల పట్టిక వ్రాసి కేంద్రపు పట్టికతో సరిచూడవలెను. రెండవది, నెలకొక దినమున జరుగు గ్రామ ఆరోగ్య పోషకాహార దినమునకు తల్లులతో పాటు తండ్రులును పోవలెను. మూడవది, కేంద్రమునకు నీరు, మరుగుదొడ్డి, పైకప్పు సరిగా నున్నవో లేవో చూచి గ్రామ సచివాలయమునకు తెలుపవలెను. నాల్గవది, లోపము గన్న కార్యకర్తతో తగవులాడక సూపర్‌వైజరునకు, పిదప శిశు అభివృద్ధి పథక అధికారికి, అటుపై జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, తుదకు రాష్ట్ర ఆహార కమిషనుకు వ్రాయవలెను. కార్యకర్తయు ఆయాయు స్వల్ప గౌరవ వేతనముతో పెక్కు పనులు చేయువారు. వారికి తోడ్పడిన యూరిలోనే కేంద్రము వృద్ధి పొందును.

గిడ్డంగిలో నిలువ చేసిన ధాన్యమును సంఘము నెలనెల తనిఖీ చేయును. బిడ్డల విషయమున నంత పాటి తనిఖీ యైనను చేసినగాని సర్కారు వ్యయము చేయు ధనము మన ముంగిటికి చేరదు.

చర్చకు ప్రశ్నలు

1. మీ గ్రామమున ఆఱేండ్ల లోపు బిడ్డ లెందఱు? అందు కేంద్రమున పేరు గలవా రెందఱు?
2. ఆహారమునకును విద్యకును చట్టమున గల భేదమేమి?
3. తమ్ముని గాని చెల్లెలిని గాని చూచుటకై బడి మానుచున్న బాలిక లెవరైన గలరా? వారి యింటి చిన్నబిడ్డకు చోటు దొరకునట్లు మీ సంఘ మేమి చేయగలదు?