టైటానియపు దంతమూలము – కోతలోని సూక్ష్మత

అరకు లోయకు పోవు రైలుమార్గమున, కొండను తొలిచిన చోట్ల ఎరుపు, గోధుమ వన్నెల రాయి కనిపించును. దానిని ఖొండలైటు అందురు. ఈ కొండలలో నివసించు ఖోండు గిరిజనుల పేరునే శాస్త్రజ్ఞులు ఆ రాతికి పెట్టిరి. తూర్పు కనుమల శిలలలో ఇల్మెనైటు అను నల్లని ఖనిజపు రేణువులు కలవు. రాళ్ళు శిథిలమైన కొలది అవి ఏరుల వెంట దిగి, భీమునిపట్నము మొదలగు తీరములందు నల్లని ఇసుకగా పేరుకొన్నవి. ఇల్మెనైటులో ఇనుముతోపాటు టైటానియము కలదు. ఊడిన పంటికి బదులుగా దవడలో నాటు కృత్రిమ మూలమును ఎక్కువగా ఈ లోహముతోనే చేయుదురు.

ఎముక టైటానియమును పరాయి వస్తువుగా త్రోసివేయదు. 1952లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు బ్రోనెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియపు పరికరమును తిరిగి తీయబోగా, అది ఎముకతో అతుకుకొని ఊడిరాలేదు. 1965లో ఆయన మనుష్యుని దవడలో టైటానియపు మూలములను అమర్చెను.

ఎముకకు మిత్రమైన ఈ లోహము పనివానికి మాత్రము సులభముగా లొంగదు. వేడిని ప్రసరింపజేయు శక్తి దీనికి ఇనుములో సుమారు నాలుగవ వంతే. కోతలో పుట్టిన వేడి టూలు మొననే నిలిచి, మొన త్వరగా అరిగిపోవును. లోహము టూలుకు అంటుకొనును; సన్నని పొట్టు మంట నందుకొనుటయు కలదు. కావున వేగము తగ్గించి, పదునైన కార్బైడు టూలును వాడి, చల్లబరచు ద్రవమును ధారగా పోయుదురు. మూలము సుమారు 4 మిల్లీమీటర్ల లావు, 10 మిల్లీమీటర్ల పొడవు ఉండును. ఇంత సన్నని కడ్డీ టూలు ఒత్తిడికి వంగకుండుటకు స్విస్ తరహా లేత్ ఉపకరించును. గడియారపు మరలకై 19వ శతాబ్దిలో పుట్టిన ఈ యంత్రమున కడ్డీయే ముందుకు జరుగును; టూలు ఆధారపు బుష్షు ప్రక్కనే కోయును.

ఇంత జాగ్రత్త ఏల? మూలమునకు పై దంతభాగము బిగియు చోట 10 మైక్రాన్ల సందు మిగిలెననుకొందము. అది వెండ్రుక మందములో ఏడవ వంతు. కాని ఒక మైక్రాను వెడల్పుగల సూక్ష్మజీవికి అదే వాకిలి. అచట చేరిన సూక్ష్మజీవులు చిగుళ్ళను వాపజేసి, చుట్టునున్న ఎముకను క్రమముగా క్షీణింపజేయగలవు. రోగి ఓర్చిన బాధ, పెట్టిన ఖర్చు రెండును వృథాయగును.

దవడను తొలుచు దంతవైద్యునికిని వేడియే శత్రువు. ఎముక 47 డిగ్రీల సెంటిగ్రేడును మించి ఒక నిమిషము వేడెక్కినచో దెబ్బతినును. అందుచే ఆయనయు ద్రవధారతో నెమ్మదిగా తొలుచును.

హైదరాబాదులో 1973లో స్థాపింపబడిన మిశ్ర ధాతు నిగమ్ టైటానియపు మిశ్రలోహములను, శరీరములో అమర్చు లోహభాగములను తయారుచేయుచున్నది. ఇట్టి పనికి నేర్పరులు కావలెను. లేత్ ముందు నిలుచు పనివాడు రోగి ముఖమును ఎన్నడును చూడడు. అయినను ఆ రోగి నమ్మకము ఆతని చేతిలోనే ఉన్నది. వర్క్‌షాపులో "దాదాపు సరిపోయినది" అని పని ముగించు విద్యార్థి ఈ చిన్న మరను ఒక్కసారి తలచుకొని, మైక్రోమీటరుతో మరల కొలిచి చూడవలెను.