ఆపరేషన్ కాగితం మీది పొడవాటి మాట

ఆపరేషన్‌కు ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితం మీద పొడవాటి ఇంగ్లీషు మాట కనబడగానే మనలో చాలామంది చదవడం మానేసి సంతకం పెట్టే చోటు వెతుకుతారు. మైపాడు నుంచి వచ్చిన అమ్మలైనా, ఇందుకూరుపేటలో ఉద్యోగం చేసుకునేవారైనా అంతే. బడిలో సంధి విడదీసినట్టు విడదీస్తే ఆ మాటలు లొంగుతాయి.

హిస్టరెక్టమీ అనే మాట చూడండి. పలికినట్టే విడగొడితే హిస్-ట-రెక్-ట-మీ. పలకడానికి ఇది చాలు, అర్థానికి చాలదు. ‘రామాలయం’లో ఆలయం ‘మా’లో కలిసిపోయినట్టు ఇక్కడ ‘ఎ’ వెళ్ళి ‘రె’లో దాక్కుంది. దాన్ని బయటికి తీస్తే హిస్టర్ + ఎక్టమీ. కొత్త నిబంధన మొదట రాయబడిన గ్రీకు భాష నుంచి వచ్చినవే ఇవి. హిస్టెరా అంటే గర్భసంచి. ఎక్ అంటే బయటికి, టమీ అంటే కోయడం. గర్భసంచిని కోసి తీసేయడం అన్నమాట. తోక మారి హిస్టరోస్కోపీ అయితే సన్నని గొట్టంతో లోపల చూడడం. తల మారి మయోమెక్టమీ అయితే గడ్డను మాత్రం తీసి గర్భసంచిని ఉంచడం.

పక్కనే బైలేటరల్ సాల్పింగో ఊఫరెక్టమీ అని కూడా ఉండవచ్చు. భయపడకండి. బై అంటే రెండు, లేటరల్ అంటే పక్క. సాల్పింక్స్ అంటే గ్రీకులో బూర; అండాన్ని మోసే గొట్టం బూర ఆకారంలో ఉంటుంది కనుక ఆ పేరు. ఊఫర్ అంటే అండాశయం. చివర మళ్ళీ మన ఎక్టమీయే. రెండు పక్కలా గొట్టాలు, అండాశయాలు కూడా తీసేస్తారని దీని అర్థం. నెలసరి ఆగే వయసు రాకముందే అండాశయాలు రెండూ పోతే ఆ మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఒంట్లో ఆవిర్లు వస్తాయి, ఎముకలు బలహీనపడతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. నోటి మాటగా ‘గర్భసంచి ఆపరేషన్’ అన్నప్పుడు ఇదంతా వినబడదు.

2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది. క్యాన్సర్ వంటి జబ్బుకు తీయక తప్పకపోవచ్చు. అధిక రక్తస్రావానికి మాత్రం చాలాసార్లు ముందు మందులు వాడి చూడవచ్చు. కనుక ‘ఎక్టమీ’ కనబడితే ఏది తీస్తున్నారు, ఏది ఉంచుతున్నారు, తీయకుండా వేరే వైద్యం ఉందా అని డాక్టరుగారిని అడగండి. టి.ఎ.హెచ్., బి.ఎస్.ఓ. అని పొట్టి అక్షరాలే ఉంటే పూర్తి మాట రాయించుకుని, ఇంట్లో చదువుకునే పిల్లల చేత ఒకసారి విడదీయించి, ఆ తరువాతే సంతకం చేయండి.